ఎమెట్ క్రాలిక్ కుడిచెయ్యి

బేస్‌బాల్‌లో ఎమెట్ క్రాలిక్ మొదటి గెలుపు గ్రాంథమ్ జట్టు మీద. దానికి ముందు ఏడు ఆటలు వరసగా ఓడిపోయాడు. ఎనిమిదోసారి, సన్నగా వాన పడుతుండగా, పదకొండు ఇన్నింగ్స్ ఒక్కడే బంతి విసిరి, ఒకే ఒక్క పరుగు తేడాతో గ్రాంథమ్ వాళ్ళను ఇంటికి పంపాడు. ఆట ముగిశాక వేళ్ళు కొయ్యబారి బంతిని వదలకపోతే, క్యాచర్ ఆర్లో పెగ్రమ్ ఒక్కో వేలూ విడదీసి దాన్ని బయటికి తీశాడు. అది 1979 మే నెల సంగతి. టారో నగరంలో దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోవలసిన సంగతే.

ఎందుకంటే ఎమెట్ ఎక్కడినుంచో వచ్చి పడ్డవాడు కాదు. టారో బిడ్డ. నది ఒడ్డున స్లోవాక్ వీధిలో పుట్టాడు. తండ్రి స్టీఫన్ గాజు ఫ్యాక్టరీలో కొలిమి ముందు నిలబడి బతికాడు, అక్కడే ఊపిరితిత్తులు చెడి పోయాడు. కొడుకు కూడా బడి మానగానే అదే కొలిమి ముందు నిలబడ్డాడు. సాయంత్రం పని దిగి, ఒంటికి పట్టిన మసి కడుక్కోకుండానే చర్చి వెనక ఇటుక గోడ మీద సుద్దముక్కతో చిన్న చదరం గీసుకుని, చీకటి పడేదాకా దానికి బంతి విసిరేవాడు. ఊరి జట్టు మ్యూల్స్ పరీక్షకు రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ పొమ్మన్నారు. మూడోసారి తీసుకున్నారు. ఇరవై రెండేళ్ళ తర్వాత మ్యూల్స్ చొక్కా తొడుక్కున్న మొదటి టారోవాడు ఎమెట్ క్రాలిక్. ఇంకెవరూ కాదు.

మ్యూల్ అంటే కంచరగాడిద. పూర్వం కాలవ గట్టు మీద పడవలు లాగిన ఆ జంతువు పేరే జట్టుకు పెట్టుకున్నారు. పెద్ద నగరాల జట్టేం కాదు. ఇక్కడ ఆడి, రాటుదేలి, అదృష్టం ఉంటే పైజట్టు పిలుపు అందుకుని వెళ్ళిపోయేవాళ్ళు ఆడే జట్టు. పొరుగూళ్ళవాళ్ళు "గాడిదలొచ్చాయిరోయ్, గడ్డి పడెయ్యండి" అని అరిచేవాళ్ళు. ఎమెట్ వచ్చాక ఆ అరుపులు తగ్గాయి. 1980లో పద్నాలుగు గెలుపులు. మరుసటేడు పదిహేడు. ఒకే ఆటలో పదిహేడు మందిని బ్యాటుకు బంతి తగలనివ్వకుండా వెనక్కి పంపిన రోజు కూడా ఉంది. మేయరు స్వయంగా మెడలో పతకం వేశాడు. గాజు ఫ్యాక్టరీవాళ్ళు అచ్చం బేస్‌బాల్ లాంటి గాజుబంతి ఊది, కుట్లతో సహా చెక్కి, అతని తల్లి ఆనా చేతికిచ్చారు. అప్పటికి ఫ్యాక్టరీలో మూడు కొలుములకు రెండు ఆరిపోయాయి. ఆ గాజుబంతి ఊదినవాళ్ళలో సగంమందికి మరుసటి నెల పని లేదు. అయినా ఊదారు.

ఎమెట్ గురించి చెప్పేటప్పుడు ఆర్లో గురించి చెప్పకుండా కుదరదు. పిచ్చర్ బంతి విసురుతాడు, క్యాచర్ అతనికి ఎదురుగా గొంతుక్కూర్చుని, తోలుచెయ్యి అనే లావుపాటి తొడుగుతో దాన్ని పట్టుకుంటాడు. ఏ బంతి వెయ్యాలో వేళ్ళతో సైగ చేసేది కూడా క్యాచరే. ఎమెట్ విసిరిన బంతులన్నీ పట్టింది ఆర్లో పెగ్రమే. ఎమెట్ కంటే ఆరేళ్ళు పెద్ద. పైజట్టు అతన్ని ఒక్కసారీ పిలవలేదు, ఇక పిలవదు. ఆ సంగతి అతనికీ తెలుసు. టారో అమ్మాయిని చేసుకుని, చలికాలం బొగ్గు లారీ నడుపుకుంటూ, ఈ ఊరివాడైపోయాడు. ఎమెట్ చెయ్యి ఎప్పుడెలా ఉందో ఎమెట్ కంటే ముందు ఆర్లోకి తెలిసేది. బంతి వచ్చి తోలుచేతిలో పడ్డ చప్పుడులోనే తెలిసేది.

1982 ఏప్రిల్‌లో ఆ చప్పుడు మారింది.

మొదట ఆర్లో దాన్ని పట్టించుకోలేదు. చలి ఇంకా పోలేదు కదా అనుకున్నాడు. తర్వాత ఒక ఉదయం పెట్రాక్ టిఫిన్ కొట్టులో ఇద్దరూ కాఫీ తాగుతుంటే ఎమెట్ చేతిలోని కప్పు జారి నేల మీద పగిలింది. ఎమెట్ దానికేసి చూడలేదు. తన చేతికేసి చూసుకున్నాడు.

"ఏంట్రా, పొద్దున్నే మొదలెట్టావా?" అన్నాడు ఆర్లో.

"చెయ్యి మొద్దుబారిందన్నా."

"చెయ్యి మీద పడుకునుంటావు."

"నెలరోజుల్నుంచీ రోజూ దాని మీదే పడుకుంటానా?"

ఆర్లో అతని వేళ్ళు పట్టుకుని చూశాడు. పక్కనే వేడి పొయ్యి. కొట్టంతా ఆవిరి. ఆ వేళ్ళు మాత్రం నదిలోంచి అప్పుడే తీసిన చేపల్లా ఉన్నాయి. చూపుడువేలి కొస సుద్దలా తెల్లగా ఉంది.

"ఇవాళే టీస్లీకి చెప్పాలి," అన్నాడు ఆర్లో. టీస్లీ జట్టు మేనేజరు.

"చెప్తే ఏం చేస్తాడు? బెంచీ మీద కూచోబెడతాడు. ఆగస్టులో పైజట్టువాళ్ళు ఇద్దర్ని పిలుస్తారట. నాకు ఇరవై అయిదొచ్చాయి. ఈసారి తప్పితే మళ్ళీ పిలుస్తారా? నిన్ను పిలిచారా?"

ఆ మాట తగిలింది. ఆర్లో నవ్వేశాడు. "నాకు ఆట రాదు కదరా, అందుకని పిలవలేదు."

"అలా అనలేదన్నా."

"అన్నావు గానీ, పర్లేదు. చేతి సంగతి చెప్పు."

ఎమెట్ పగిలిన పెంకులు ఏరుతూ, తల పైకెత్తకుండా మాట్లాడాడు. "ఇప్పుడు వేళ్ళ వరకే ఉంది. మణికట్టు దాటిందనుకో, నీకు చెప్తా. ఒట్టు. అప్పుడు నువ్వెళ్ళి టీస్లీకి చెప్పు, నేను అడ్డురాను. అందాకా నోరు మెదపకు."

ఆర్లో ఒప్పుకున్నాడు. జట్టుకు మాలిష్ చేసే ముసలాయన జూలియస్ నెబ్‌కు మాత్రం కండరం పట్టేస్తోందని సగం నిజం చెప్పారు. నెబ్ ఆరాలు తియ్యలేదు. ప్రతి ఇన్నింగ్సు చివరా వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు తెచ్చి, ఎమెట్ చేతికి చుట్టి, వేళ్ళలోకి రంగొచ్చేదాకా రుద్దేవాడు. ఆ తువ్వాలుతో మే, జూన్ నెలలు గడిచాయి. ఎమెట్ తొమ్మిది ఆటలు గెలిచాడు. గెలిచిన ప్రతిసారీ ఆర్లో అతని చెయ్యి పట్టుకుని చూసేవాడు. చల్లదనం పోయేది కాదు, అలాగని పెరిగేదీ కాదు. పెరగడం లేదు కదా అనుకుని ఇద్దరూ రోజులు నెట్టుకొచ్చారు.

ఇక్కడ టారోవాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. అవతలి జట్టు తొమ్మిది ఇన్నింగ్సులూ ఆడి, ఒక్కడు కూడా బంతిని సరిగ్గా కొట్టి, అంటే హిట్టు కొట్టి, పరుగులో తొలి మజిలీ అయిన మొదటి బేస్ చేరలేకపోతే, ఆ పిచ్చర్‌కు అంతకు మించిన ఘనత లేదు. దానికో పేరుంది. అయితే అది జరుగుతున్నంతసేపూ ఆ పేరు ఎవరూ పైకి అనకూడదు. అంటే చెడిపోతుంది. ఈ పట్టింపు బేస్‌బాల్ ఆడే ప్రతి ఊళ్ళోనూ ఉంది. టారోలో ఇంకో నాలుగాకులు ఎక్కువే. ఇక్కడ ఆ పేరే కాదు, పిచ్చర్‌తో ఏ మాటా మాట్లాడరు. బెంచీ మీద అతని పక్కన కూర్చోరు. అతనూ ఎవరితో మాట్లాడడు. ఇంతవరకు ఎలా జరుగుతోందో చివరిదాకా అలాగే జరగాలి. కాళ్ళు మడుచుకు కూర్చున్నవాడు మడుచుకునే ఉంటాడు. బీరు అమ్మేవాళ్ళు కేకలు ఆపేస్తారు. రేడియోలో ఆట చెప్పేవాడు వాతావరణం గురించి చెబుతాడు. ముప్ఫయి ఒక్క ఏళ్ళ కిందట ఒకసారి ఎనిమిదో ఇన్నింగ్సులో ఒక కొత్త ఆటగాడు పిచ్చర్ భుజం తట్టాడట. మరుసటి బంతికే అంతా పోయింది. ఆ ఆటగాడి ఇంటి పేరు పెట్టుకున్నవాళ్ళకు టారోలో ఈనాటికీ మొదటి వరస సీటు దొరకదు.

జులై 22, గురువారం, గాజు కార్మికుల పండగ. ఆట మధ్యాహ్నం. ఎండ మండిపోతోంది. చెక్క బెంచీల మీద కూర్చుంటే చర్మం అంటుకుపోయేలా ఉంది. నది నుంచి గాలి లేదు. మైదానం నిండిపోయింది. పైజట్టు మనిషి ఒకడు, తెల్ల టోపీవాడు, వెనక వరసలో కూర్చుని ఉన్నాడని ఊరంతా తెలుసు. జట్టును టారో నుంచి ఎత్తేసి వేరే ఊరికి తీసుకుపోతారన్న మాట కూడా అప్పటికే పుట్టింది. ఎదురుగా గ్రాంథమ్ జట్టు.

రెండో ఇన్నింగ్సులో మన ఆటగాడొకడు బంతి కోసం పరిగెత్తి కంచెకు గుద్దుకుని చీలమండ మెలితిప్పుకున్నాడు. నెబ్ అతన్ని లోపలికి తీసుకువెళ్ళాడు. కట్టు కట్టి, మంచు పెట్టి బయటికి వచ్చేసరికి మూడో ఇన్నింగ్సు కూడా అయిపోయింది. ఆ రెండుసార్లూ ఎమెట్ చేతికి వేడి తువ్వాలు లేదు. నాలుగో ఇన్నింగ్సు ముగిశాక నెబ్ ఆవిరి కక్కుతున్న తువ్వాలుతో మెట్లు దిగి వచ్చాడు. మేనేజరు టీస్లీ అడ్డంగా కాలు చాచాడు.

"ఎక్కడికి?"

"కుర్రాడి చేతికి..."

టీస్లీ గడ్డంతో ఎదురుగా ఉన్న స్కోరు బోర్డు చూపించాడు. గ్రాంథమ్ పేరుకు ఎదురుగా నాలుగు సున్నాలు, హిట్లు అన్న గడిలో ఇంకో సున్నా. నెబ్ దాన్ని చూశాడు. రెండో ఇన్నింగ్సు నుంచీ తువ్వాలు లేకుండానే ఇంతదాకా వచ్చింది. ఇక తువ్వాలు పెట్టకూడదు. నెబ్ ముసలాయనకు ఆ పద్ధతి చిన్నప్పటినుంచీ తెలుసు. తువ్వాలును బకెట్టులో పడేసి, దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. బెంచీ చివర ఎమెట్ ఒక్కడే, చెయ్యి చంకలో పెట్టుకుని, నేలకేసి చూస్తూ ఉన్నాడు. అతనికీ తెలుసు.

అయిదో ఇన్నింగ్సులో జనంలోంచి ఒక గొంతు లేచింది. పక్క జిల్లా నుంచి కుట్టుమిషన్లు అమ్ముకోవడానికి వచ్చినవాడెవడో. "అరె, వాళ్ళకింకా ఒక్క హిట్టు కూడా లేదే! ఇలాగే పోతే ఇవాళ..."

వెనక కూర్చున్న ఆవిడ తన బీరంతా అతని నెత్తిన కుమ్మరించింది. చుట్టుపక్కల ఎవరూ నవ్వలేదు. ముందు వరసలోంచి ఎమెట్ తల్లి ఆనా క్రాలిక్ వెనక్కి తిరిగి చూసింది.

"ఏమయ్యా, మీ ఊళ్ళో నోళ్ళకి తలుపులుండవా?"

"నేనేమన్నానమ్మా, నిజమేగా అన్నాను?"

"నిజమైతే మీ ఇంటికెళ్ళి మీ ఆవిడతో చెప్పుకో. ఇక్కడ మాత్రం ఆ పళ్ళు బిగించుకుని కూచో."

అతను తడిసిన కోటుతో లేచి వెళ్ళిపోయాడు. అది కూడా మంచిది కాదని కొందరు గొణిగారు. కూర్చున్నవాళ్ళెవరూ కదలకూడదు కదా.

ఆరో ఇన్నింగ్సులో ఆర్లోకి భయం పట్టుకుంది. వంకర బంతికి సైగ చేస్తే ఎమెట్ తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఊపాడు. ఎప్పుడూ ఆర్లో మాట కాదననివాడు. ఆర్లో సూటి బంతికి సైగ చేశాడు. ఎమెట్ కుడిచెయ్యి ముందుకు తెచ్చి, అందులో బంతి ఉందో లేదో కళ్ళతో చూసుకుని, అప్పుడు విసిరాడు. ఆ తర్వాత ప్రతి బంతికీ అదే పని. జనానికి అది ఏకాగ్రతలా కనిపించింది. చూశారా, బంతితో మాట్లాడుతున్నాడు అనుకున్నారు. అంత ఎండలో ఆర్లో వీపు మీద చెమట చల్లబడింది.

మణికట్టు దాటితే చెబుతానన్నాడు. ఒట్టు పెట్టాడు. కానీ ఇవాళ ఎమెట్ ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆర్లో అడగకూడదు. ఆర్లో అతని ఒక్క మాట కోసం చూస్తున్నాడు. ఎమెట్ ఇతని ఒక్క ప్రశ్న కోసం చూస్తున్నాడేమో. మధ్యలో ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంది.

ఏడో ఇన్నింగ్సు కూడా సున్నాతోనే అయింది. ఎనిమిదో దాంట్లో రెండు బంతులు ఎటో పోయాయి. ఒకటి బ్యాటు పట్టుకున్నవాడి తల పక్కనుంచి పోయింది. ఆర్లో ఆగలేకపోయాడు. అంపైరును ఆగమని, ముసుగు పైకెత్తి, ఎమెట్ నిలబడ్డ మట్టి దిబ్బ దగ్గరికి నడిచాడు. జనంలో ఒక్కసారిగా గుసగుస లేచి అణగిపోయింది. క్యాచర్ వెళ్ళడమే తప్పు. ఇక మాట్లాడితే?

దగ్గరికి వెళ్ళాక ఆర్లో నోట్లోంచి వచ్చింది ఇదీ: "ఎండ బాగా ఉందిరా."

"ఉంది," అన్నాడు ఎమెట్. పెదవులు పాలిపోయాయి.

"మీ అమ్మ పండక్కేం చేసింది?"

"క్యాబేజీ, నూడుల్స్ వేయించిందట. వెన్న ఎక్కువేసి." ఎమెట్ కళ్ళు ఆర్లో ముఖం మీదే ఉన్నాయి. ఏదో అడుగుతున్నట్టు.

ఆర్లో బంతిని అతని చేతిలో పెట్టే సాకుతో ఆ వేళ్ళు తాకాడు. మంచుపెట్టెలోంచి తీసిన మాంసం ముక్కలు. వేళ్ళే కాదు, అరచెయ్యి కూడా. బంతి పెట్టాక ఎమెట్ గుప్పిట మూసుకోలేదు. ఎడంచేత్తో ఆ వేళ్ళను బంతి చుట్టూ ఒక్కొక్కటే మడుచుకున్నాడు.

ఆర్లో నోరు తెరిచాడు. మొదటి వరసలో ఆనా క్రాలిక్ రెండు చేతులూ జోడించి కూర్చుని ఉంది. పైన తెల్ల టోపీవాడు ముందుకు వంగాడు. ఆర్లో నోరు మూసుకుని వెనక్కి వచ్చేశాడు.

ఆ ఇన్నింగ్సు అయ్యాక మాత్రం నేరుగా టీస్లీ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"బాస్, వాడి చెయ్యి..."

"నోరు మూసుకో."

"ఆ మాట అనడం లేదు బాస్. చెయ్యి చచ్చిపోయినట్టుంది. నేను పట్టుకు చూశాను."

టీస్లీ అతనికేసి తిరగనైనా లేదు. "పెగ్రమ్, నలభై ఏళ్ళు ఈ బెంచీ మీద కూచున్నా. ఒక్కసారి చూడలేదు. ఇంకో మూడు అవుట్లు. నువ్వు ఇంకో మాటన్నావంటే నీ ముసుగు నేను పెట్టుకుని పోయి కూచుంటా. పో."

"రేపు వాడు..."

"రేపు మాట్లాడుకుందాం."

బెంచీ మీద అందరూ విన్నారు. ఎవరూ తలెత్తలేదు. నెబ్ బకెట్టులోని తువ్వాలు కేసి చూస్తూ కూర్చున్నాడు.

తొమ్మిదో ఇన్నింగ్సు. మొదటివాడు గాల్లోకి కొట్టి అవుటయ్యాడు. రెండోవాడి బంతి ఎమెట్ కాళ్ళ పక్కనుంచి దొర్లితే రెండో బేస్ దగ్గరివాడు పడి పట్టి అతన్ని అవుట్ చేశాడు. మూడోవాడు గ్రాంథమ్ జట్టులో అందరికంటే గట్టివాడు. రెండు బంతులకు ఊపి తప్పాడు. ఇంకొక్కటి. ఆర్లో సూటి బంతికి సైగ చేశాడు. ఎమెట్ చెయ్యి చూసుకున్నాడు, ఒంటిని విల్లులా వెనక్కి వంచాడు, విసిరాడు.

బంతి రావలసినంత వేగంగా రాలేదు. గాల్లో తేలుతూ, తీరిగ్గా, తప్పిపోయిన పిచ్చుకలా వచ్చింది. గ్రాంథమ్ మొనగాడు అప్పటికే బ్యాటు తిప్పేసి ఒళ్ళు మెలితిరిగి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బంతి నెమ్మదిగా వచ్చి ఆర్లో తోలుచేతిలో పడింది. చప్పుడు లేదు.

ఆ తర్వాత లేచిన కేక నది అవతల కొండలమీద వినిపించిందంటారు. టారోలో ఇప్పటికీ ఆ ఆఖరి బంతి గురించి మాట్లాడతారు. అంత వేగం తర్వాత అంత నిదానం, అలాంటి తెలివి ఎవరికుంటుంది అంటారు. మ్యూల్స్ జట్టు ఎనభై ఏళ్ళ చరిత్రలో మొట్టమొదటి నో-హిట్టర్ అది. వేసినవాడు టారో బిడ్డ. ఆ మాట ఇప్పుడు ఎంత గట్టిగా అన్నా ఫరవాలేదు. నిజం మాత్రం ఆర్లోకొక్కడికే తెలుసు. ఆ బంతి ఎమెట్ వెయ్యలేదు. అతని చేతిలోంచి జారిపోయింది.

అందరూ ఎమెట్ మీద పడి ఎత్తుకుంటున్నారు. ఆర్లో వాళ్ళను మోచేతులతో తోసి లోపలికి దూరి అతని చెవి దగ్గర అరిచాడు. "మణికట్టు దాటిందా?"

"భుజం దాకా వచ్చేసింది."

"ఎప్పుడు?"

"ఆరోదాంట్లో."

"చెప్తానన్నావు కదరా!"

"నువ్వు అడగలేదన్నా," అన్నాడు ఎమెట్. నవ్వాలని చూశాడు. ముఖంలో ఒక పక్కే కదిలింది.

మేయరు వచ్చి కుడిచెయ్యి పట్టుకుని ఊపాడు. ఎమెట్‌కు తెలియలేదు. మేయరు వదిలేశాక కూడా చెయ్యి గాల్లోనే ఉంది. అప్పుడు ఆనా క్రాలిక్ మెట్లు దిగి వచ్చి కొడుకు ముఖం చూసి, ఆ చెయ్యి పట్టుకుని, ఒక్కటే అరుపు అరిచింది. బ్యాండు మేళం వాయిస్తూనే ఉంది.

పెద్ద ఆసుపత్రిలో చెప్పిన సంగతి ఇది. మెడ కింది ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య రక్తనాళం నలిగింది. అందులో నెత్తురు గడ్డకట్టింది. విసిరిన ప్రతిసారీ ఆ గడ్డలోంచి తునకలు వేళ్ళలోకి పోయాయి. పక్కటెముక తీసేశారు, గడ్డ తీశారు. చూపుడువేలి కొస నల్లబడిపోతే దాన్నీ తీసేశారు. ఆపరేషను చేసిన డాక్టరమ్మ ఆనాను, ఆర్లోను పక్కకు పిలిచింది.

"బతికాడు, అదే పెద్ద సంగతి. మళ్ళీ గట్టిగా విసిరితే మళ్ళీ గడ్డ కడుతుంది. ఈసారి తలలోకి పోయింది చిన్న తునకే, ముఖం తేరుకుంది. పెద్దది పోతే మీరు నా దగ్గరికి తీసుకొచ్చే పని కూడా ఉండదు."

"విసరడమ్మా," అంది ఆనా. "నేను విసరనివ్వను."

ఆగస్టులో పైజట్టు ఇద్దర్ని పిలిచింది. ఎమెట్ వాళ్ళలో లేడు. శరదృతువులో మూడో కొలిమి కూడా ఆరింది. మ్యూల్స్ జట్టును ఎత్తేస్తారన్న మాట ఇప్పుడు పత్రికల్లోనే వచ్చింది. వచ్చే ఏడు మొదటి ఆటలకు మైదానం నిండకపోతే ఇక ఉండదని. అప్పుడు ఊరు మళ్ళీ ఎమెట్ వైపు చూసింది. చలికాలం గడిచేసరికి టారోలో ప్రతి కొట్టు అద్దానికీ అతని బొమ్మ ఉంది. జట్టు నడిపే క్లబ్బు వేరే ఊరి డాక్టరు చేత అతను ఆడవచ్చని ఒక కాగితం రాయించింది. ఎవరైనా చేతి సంగతి ఎత్తితే "వేలి కొస లేకపోతే బంతి ఇంకా గమ్మత్తుగా తిరుగుతుందిలే" అని నవ్వేసేవాళ్ళు. చెయ్యి అన్న మాట క్రమంగా ఎవరూ అనడం మానేశారు.

ఎమెట్ అడిగితే ఫిబ్రవరిలో ఆర్లో మూసేసిన ఫ్యాక్టరీ గోదాములో అతని బంతులు పట్టాడు. మొదట పది బంతులు బాగానే వచ్చాయి. పాత చప్పుడే. ఎమెట్ ముఖం వెలిగింది. ఆ తర్వాత ఒకటి గోడకు తగిలింది. ఇంకొకటి నేలకు. ఎమెట్ చెయ్యి ముందుకు తెచ్చుకుని చూసుకున్నాడు.

"ఎలా ఉందన్నా?"

"ఆపెయ్‌రా."

"ఎలా ఉందని అడిగాను."

"చావు కనిపిస్తోంది. ఇంకెలా ఉంటుంది?"

ఎమెట్ బంతి కోసం వంగాడు. "నేనాడకపోతే జట్టు పోతుంది. జట్టు పోతే ఈ ఊళ్ళో ఏముంటుందన్నా? నది తప్ప?"

"నువ్వు పోతే మీ అమ్మకేముంటుంది?"

ఎమెట్ బంతిని ఎడంచేత్తో కుడిచేతిలో పెట్టుకున్నాడు. మళ్ళీ విసిరాడు. ఆర్లో పట్టుకోలేదు. పక్కకు తప్పుకున్నాడు. బంతి గోదాము చీకట్లోకి దొర్లిపోయింది.

ఈస్టరు ముందరి ఉపవాస దినాల్లో ప్రతి శుక్రవారం చర్చి హాల్లో స్లోవాక్ ఆడవాళ్ళు బంగాళదుంప కూరిన పిరోహీలు ఉడికించి, వెన్న, ఉల్లిపాయలు పోసి వడ్డిస్తారు. ఊరంతా అక్కడే తింటుంది. మార్చిలో ఒక శుక్రవారం అందరూ తింటుండగా ఆర్లో లేచి నిలబడ్డాడు. మేయరు ఉన్నాడు, టీస్లీ ఉన్నాడు, నెబ్ ఉన్నాడు. ఎమెట్ తల్లి గరిటె పట్టుకుని వడ్డిస్తోంది. మూలగా ఎమెట్ కూర్చుని ఉన్నాడు.

"అందరూ వినండి," అన్నాడు ఆర్లో. "ఎమెట్ చెయ్యి మళ్ళీ చల్లబడుతోంది. నేను పట్టుకు చూశాను. వాడు విసిరితే చచ్చిపోతాడు. పోయినసారి నాకు తెలిసీ నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను. వాణ్ణి ఆడనివ్వకండి."

చెంచాల చప్పుడు ఆగిపోయింది. తర్వాత టీస్లీ పళ్ళెంలోంచి తలెత్తకుండానే అన్నాడు.

"పెగ్రమ్, పిరోహీ చల్లారిపోతోంది. కూచుని తిను."

ఎవరో చిన్నగా నవ్వారు. మళ్ళీ చెంచాలు కదిలాయి. ఎవరో వాతావరణం గురించి మాట్లాడారు, ఈ ఏడు నదికి నీళ్ళు ఎక్కువ వస్తాయట అని. మేయరు అవునన్నాడు.

ఆనా క్రాలిక్ గరిటె గిన్నెలో వదిలేసి, నేరుగా కొడుకు దగ్గరికి నడిచింది. అందరి ముందూ అతని కుడిచెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. విడవలేదు.

"నిజమేనా?" అంది.

ఎమెట్ తల్లి ముఖం చూశాడు, ఆర్లో ముఖం చూశాడు, హాలంతా చూశాడు. ఎవరూ అతనికేసి చూడడం లేదు.

"లేదమ్మా," అన్నాడు. "ఇక్కడ కిటికీ తలుపు తీసుంది. అందుకని."

ఆర్లో ఆ రాత్రే క్లబ్బుకు వెళ్ళి, ఎమెట్ విసిరితే తాను పట్టనని చెప్పి వచ్చేశాడు. వాళ్ళు వేరే క్యాచర్‌ను తీసుకున్నారు, గ్రాంథమ్ నుంచి. కుర్రవాడు. ఎమెట్ చేతి సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఆనా ఏం చేయబోతోందో ఇంకా తెలియదు. రోజూ చర్చికి వెళ్ళి వస్తోంది, ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఆర్లో రోజూ ఆమె ఇంటి ముందునుంచి నడిచి వెళుతున్నాడు. ఆమె తలుపు తీస్తే లోపలికి వెళ్ళి, ఇద్దరూ కలిసి ఎమెట్‌ను ఆపాలని. ఆమె ఇంకా తీయలేదు.

టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. మ్యూల్స్ జట్టు ఎనభై ఏళ్ళ చరిత్రలో మొదటి ఆటకు ఇంతమంది ఎప్పుడూ రాలేదు. ఆ ఘనత కూడా ఎమెట్‌దే, ఇంకెవరిదీ కాదు. మైదానం ద్వారం మీద అతని పేరు ఎర్రరంగుతో పెద్దగా రాశారు. కింద తేదీ వేశారు. ఎమెట్ క్రాలిక్ తిరిగి బంతి పట్టేది 1983 ఏప్రిల్ 15, శుక్రవారం.